మన డెల్టా భూములును ఉప్పునీటి ముప్పును

గోదావరీ కృష్ణా డెల్టాలు ఆంధ్రదేశమునకు ధాన్యాగారమని పెద్దలు చెప్పుదురు. ఈ నేల పండించిన అన్నము తిని పెరిగిన మనము, అది యెట్లేర్పడినదో, దానికిప్పుడెట్టి యాపద కలుగుచున్నదో తెలిసికొనుట యావశ్యకము.

డెల్టా యనగా నది కట్టిన భూమి. వేలకొలది యేండ్లుగా వరదలు ఎగువ దేశములనుండి తెచ్చిన ఒండ్రుమట్టి సముద్రతీరమున పేరుకొని యీ మాగాణి యేర్పడినది. పేరుకొన్న ఒండ్రు తన బరువునకు తానే మెల్లమెల్లగా అణగి క్రుంగుచుండును. ఏటేట వచ్చు క్రొత్తమట్టి యా లోటును తీర్చుచుండును. కావున డెల్టా యొకసారి తయారై ముగిసిన వస్తువు కాదు. నది దానిని నిత్యము కట్టుచునే యుండవలెను.

1833వ సంవత్సరపు గుంటూరు కరవులో లెక్కకు మిక్కిలిగా జనులు మరణించిరి. అటుపిమ్మట సర్ ఆర్థర్ కాటన్ దొరగారు ధవళేశ్వరమువద్ద 1847లో ఆనకట్ట పని ప్రారంభించిరి. 1852 నాటికి అది ముగిసినది. కాలువలు సాగెను, మెట్టభూములు మాగాణులాయెను. సముద్రము పాలగు నీరెల్ల వ్యర్థమను తలంపు నాటినుండి మనలో నాటుకొన్నది. ఇప్పుడు దానిని మరల ఆలోచింపవలసియున్నది. నది నుండి దిగు మంచినీరు ఉప్పునీటిని వెనుకకు నెట్టుచుండును. ఎగువ జలాశయములలో నీరును, దానితోపాటు ఒండ్రును నిలిచిపోవుటచే డెల్టా బలము తగ్గుచున్నది.

ఇటు భూమి క్రుంగుచుండగా అటు సముద్రము పెరుగుచున్నది. బొగ్గు, చమురు కాల్చుటచే వెలువడు వాయువులు భూగోళమును వేడెక్కించుచున్నవి. వేడికి సముద్రజలము వ్యాకోచించును. కరిగిన మంచు దానిలో చేరును. 1901 మొదలు 2018 వరకు ప్రపంచ సముద్రమట్టము సుమారు 20 సెంటీమీటర్లు హెచ్చినది. జానెడైన లేదే యని తేలికగా తలపరాదు. తీరమందలి పొలములు సముద్రమునకు కొలది అడుగుల యెత్తుననే యున్నవి. పోటువేళ ఉప్పునీరు మురుగుకాలువలలోనికి ఎగబ్రాకును. అప్పుడు వాననీరు దిగక చేలు మునుగును. బోర్లతో అధికముగా తోడినచోట నేలక్రింది ఉప్పునీరు పైకి వచ్చును. మట్టిలో ఉప్పు హెచ్చినచో, చుట్టును నీరున్నను వరివేళ్లు దానిని పీల్చుకొనజాలవు. పూతవేళ వేడిమి 35 డిగ్రీలు దాటినచో గింజ పట్టక వెన్ను తాలుపోవును. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనను పెద్దలు మరువలేదు. సముద్రమట్టము హెచ్చిన కొలది అట్టి ఉప్పెన మరింత లోపలికి వచ్చును.

2011లో కోనసీమ రైతులనేకులు సార్వా పంట వేయక పొలములను బీడు విడిచిరి. గిట్టుబాటు ధర లేకపోవుట, కూలి ఖర్చులు, మురుగు బాధ అందుకు కారణములు. అన్నము పెట్టు సీమలోనే రైతు విత్తుట మానినచో, పట్టణమందలి బీదవాని కంచములోనికి మెతుకెక్కడనుండి వచ్చును?

నిరాశ చెందనక్కరలేదు. 1982లో మారుటేరు పరిశోధనాస్థానమునుండి స్వర్ణ యను వరి వచ్చినది. ముంపును సుమారు రెండు వారములు తాళునట్లు దానినే సవరించి, స్వర్ణ సబ్ 1 అను పేర 2009లో మనదేశమున విడుదల చేసిరి. అయితే విత్తనమొక్కటే చాలదు. సార్వాకు ముందే మురుగుకాలువలు బాగుచేయవలెను. కోరంగివద్దనున్న మడ అడవులు అలల వేగమును తగ్గించును; అట్టివానిని నరుకక కాపాడవలెను. తీరమున బోరునీటిని మితముగా తోడవలెను. నదికిని కొంత నీరు విడువవలెను.

యోసేపు ఐగుప్తులో సమృద్ధిగల సంవత్సరములలోనే కరవునకు సిద్ధపడెను. మన డెల్టాలో నేటికిని పంట కలదు. సిద్ధపడవలసిన కాల మిదియే. విద్యార్థులారా, ఈ సెలవులలో మీ తాతగారినడుగుడు: వారి చిన్ననాట మంచినీరిచ్చిన బావులలో నేడెన్ని ఉప్పునీరిచ్చుచున్నవి? ఆ లెక్కను వ్రాసి తెండు. మన పాఠమక్కడ మొదలగును.