ముసలి గాడిదలో అనారోగ్య సూచనలు: ఒక పరిశీలన

1. ఉపోద్ఘాతం

తెలుగులో ‘గాడిద చాకిరీ’ అన్న మాట ఎదురుచెప్పకుండా చేసే శ్రమను సూచిస్తుంది. ఆ ఓర్పునే లోకం మొద్దుతనంగా లెక్కగట్టింది. పశువైద్యశాస్త్రం దానికి భిన్నమైన అర్థం చెబుతుంది. కడుపునొప్పి వచ్చిన గుర్రం నేలపై పొర్లుతుంది, కాలితో పొట్టను తన్నుకుంటుంది. అదే బాధలో గాడిద తరచుగా తల వాల్చి కదలకుండా నిలబడుతుంది. కాబట్టి వయసు మళ్ళిన గాడిదలో కనిపించే మందకొడితనాన్ని వార్ధక్య సహజమని వదిలివేయక రోగలక్షణంగా పరిశీలించాలి.

2. పళ్ళు - మేత

గాడిద పళ్ళు నమలడం వల్ల అరుగుతూ, చిగుళ్ళ నుంచి క్రమంగా పైకి జరుగుతూ ఉంటాయి. అరుగుదల సమంగా లేకపోతే దవడ పళ్ళ అంచులు పదునెక్కి చెంపలను, నాలుకను గాయపరుస్తాయి. ముసలితనంలో పళ్ళు వదులై ఊడిపోతాయి. సందుల్లో మేత ఇరుక్కుని కుళ్ళుతుంది. సగం నమిలిన గడ్డి ముద్దలు కిందపడడం, నోటి దుర్వాసన, లద్దెలో పొడవాటి పీచు కనిపించడం దీని గుర్తులు. కొన్ని గాడిదలు మేత ముందు నిలిచి తింటున్నట్లు కనిపిస్తాయే గాని తినవు. మేత ఎంత తగ్గిందో చూస్తేనే నిజం తెలుస్తుంది.

పళ్ళ నొప్పి వల్లనైనా, తోటి గాడిదను కోల్పోయిన దిగులుతోనైనా మేత మానితే ఒంట్లోని కొవ్వు విపరీతంగా రక్తంలోకి చేరి కాలేయాన్ని, మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. ‘హైపర్‌లిపీమియా’ అనే ఈ స్థితి కొద్ది రోజుల్లోనే ప్రాణం తీయగలదు. లావుగా ఉన్న గాడిదలకు ముప్పు మరింత ఎక్కువ. అందుచేత ఒక్కరోజు మేత ముట్టకపోయినా పశువైద్యుణ్ణి పిలవాలి.

3. శరీరం - గిట్టలు

దట్టమైన బొచ్చు, మెడపై పేరుకున్న కొవ్వు బక్కచిక్కడాన్ని కప్పిపుచ్చుతాయి. అందువల్ల పక్కటెముకలను చేత్తో తడిమి చూడాలి. బరువును ఒక కాలి నుంచి మరో కాలికి మాటిమాటికీ మార్చడం, మలుపు తిరగడానికి వెనుకాడడం, ఎక్కువసేపు పడుకొని ఉండడం కీళ్ళ అరుగుదలను గాని, గిట్టల లోపలి వాపును గాని సూచిస్తాయి. విశ్రాంతిలో ఉన్న పెద్ద గాడిదకు నాడి నిమిషానికి 36 నుంచి 52 సార్లు కొట్టుకోవడం సాధారణం.

4. ముగింపు

2019 పశుగణన ప్రకారం దేశంలో గాడిదలు సుమారు 1.2 లక్షలు. 2012తో పోలిస్తే ఈ సంఖ్య 60 శాతానికి పైగా తగ్గింది. మిగిలినవాటిని కాపాడడంలో తొలి బాధ్యత వాటిని రోజూ తోలేవారిదే. నిన్నటి నడకకు, నేటి నడకకు తేడా పట్టగలిగేది వారే. వారి మాటే పశువైద్యుడికి మొదటి ఆధారం.