ఆట ఇటుకలతో ఆవిరి యంత్రము

యంత్రమును చూచినంతనే అది పనిచేయు తీరు కొంతవరకైనను తెలియు కాలమొకటి ఉండెను. మద్రాసు, విజయవాడల నడుమ నెల్లూరు మీదుగా 1899లో రైలుమార్గ మేర్పడినది. ఆవిరి ఇంజను ప్రక్కన నిలిచిన బాలునకు బాయిలరు, పొగగొట్టము, ముందువెనుకలకు ఆడు కడ్డీ, దానివలన తిరుగు చక్రము అన్నియు కంటి యెదుటనే ఉండెడివి. నేటి యంత్రములు చాలవరకు మూతపడిన పెట్టెలు. ఫోనును విప్పి చూచినను, అది పనిచేయు తీరు కంటికి కనబడదు.

ఈ కారణముచేతనే కాబోలు, ఆవిరియుగపు యంత్రములపై నేటివారికి మక్కువ పెరిగినది. ఆవిరియుగము ముగియక కొనసాగియుండినచో యంత్రములు ఎట్లుండెడివో ఊహించి కథలు వ్రాయుటకు, బొమ్మలు చేయుటకు స్టీమ్‌పంక్ అని పేరు. ఈ మాటను 1987లో అమెరికా రచయిత కె. డబ్ల్యు. జీటర్ పుట్టించెను. ఊహ మాత్రము అంతకంటె పాతది. ఫ్రెంచి రచయిత జూల్స్ వెర్న్ 1880లో ప్రకటించిన ఒక నవలలో ఆవిరితో నడచు ఉక్కు ఏనుగు రెండు చక్రాల ఇండ్లను లాగుచు కలకత్తానుండి ఉత్తర హిందూస్థానమున ప్రయాణించును. అనగా ఈ ఊహకు మన దేశము తొలినాళ్లలోనే రంగస్థల మైనది.

ఇట్టి యంత్రముల నమూనాలను ఆట ఇటుకలతో కట్టుట ఇప్పుడు అనేక దేశములలో వేడుక. గోధుమ, నలుపు, బంగారు రంగుల ఇటుకలను పేర్చి, పొగగొట్టములు నిలిపి, గోడల నిండ పళ్లచక్రములు అతికింతురు. చూచుటకు బాగుండును. కాని అతికించిన చక్రము తిరుగదు. తిరుగని చక్రము అలంకారమే గాని యంత్రభాగము కాదు. ప్రతి చక్రమును గూర్చి “దీనికి చలన మెక్కడినుండి వచ్చును? ఎక్కడికి పోవును?” అని అడిగి, సమాధానము దొరకిన చక్రమునే ఉంచవలెనను నియమము పెట్టుకొన్నచో ఈ ఆట భౌతికశాస్త్ర పాఠమగును.

ఆట ఇటుకలలో ప్రసిద్ధమైనవి డెన్మార్కు దేశపు లెగో ఇటుకలు. పైన బొడిపెలు, లోపల గొట్టములు ఉండి ఒకదానిలో నొకటి బిగియు నేటి అమరికకు 1958లో పేటెంటు హక్కు కోరబడినది. ప్రక్కప్రక్క బొడిపెల కేంద్రముల నడిమి దూరము 8 మిల్లీమీటర్లు. ఇరుసులు దూర్చు దూలములలో రంధ్రముల నడిమి దూరము కూడ అంతే. పళ్లచక్రములను ఈ కొలతకే సరిపోవునట్లు చేసిరి. 8 పళ్ల చక్రమునకు వ్యాసార్థము 4 మి.మీ., 24 పళ్ల దానికి 12, 40 పళ్ల దానికి 20. రెండు చక్రముల వ్యాసార్థములను కూడిన మొత్తమే వాని ఇరుసుల నడుమ ఉండవలసిన దూరము. 8, 24 పళ్ల చక్రములకు అది 16 మి.మీ., అనగా సరిగా రెండు రంధ్రముల దూరము. 8, 40 పళ్ల చక్రములకు 24 మి.మీ., అనగా మూడు.

ఇక మన ఊరికి తగిన నమూనా నొకదానిని ఊహింతము. నెల్లూరు జిల్లా మైపాడు తీరమును తీసికొనుడు. ఊరికి పడమరగా బకింగ్‌హాము కాలువ పోవుచున్నది. ఆ కాలువలో ఒకప్పుడు సరకుల పడవలను మనుష్యులు గట్టునుండి తాళ్లతో లాగుచుండిరి. కోస్తా తీరమున అలివి వలను కూడ ఎందరో జాలరులు ఇసుకలో కాళ్లు తన్నిపెట్టి తాళ్లతోనే ఒడ్డునకు లాగుదురు. ఈ పనికి ఒడ్డున ఒక ఆవిరి వించి ఉండినచో ఎట్లుండెడిది? ఇది చరిత్ర కాదు, ఊహ. కాని ఊహకు లెక్క తప్పరాదు.

ఒక దూలమున మొదటి, మూడవ, ఆరవ రంధ్రములలో మూడు ఇరుసులు దూర్చుడు. మొదటి ఇరుసునకు 8 పళ్ల చక్రము, నడిమి దానికి 24 పళ్ల చక్రమొకటి, దూలమునకు ఆవలి ప్రక్కన 8 పళ్లది మరియొకటి, చివరి దానికి 40 పళ్ల చక్రము, తాడు చుట్టు డ్రమ్ము తొడుగుడు. మొదటి జంటలో వేగము మూడవ వంతగును. రెండవ జంటలో అది మరల అయిదవ వంతగును. కావున పిడి 15 మార్లు తిరిగిన డ్రమ్ము ఒక్కమారు తిరుగును.

పిడి చేయి 24 మి.మీ., డ్రమ్ము వ్యాసార్థము 8 మి.మీ. అనుకొందము. డ్రమ్ము ఒక చుట్టు తిరిగిన సుమారు 50 మి.మీ. తాడు వచ్చును. ఆలోపల మన చేయి సుమారు 2,260 మి.మీ. నడచును. ఘర్షణ లేనిచో బలము 45 రెట్లు పెరిగినది, నడచిన దూరము 45వ వంతైనది. చేసిన పని మాత్రము పెరుగలేదు. యంత్రము బలమును ఊరక ఈయదు. దూరమును పుచ్చుకొని ఇచ్చును.

పిడి ఇరుసునకే రెండవ కొనను 8 మి.మీ. క్రాంకు, దానికి కడ్డీ, కడ్డీకి సిలిండరులో ఆడు పిస్టను అమర్చుడు. పిస్టను కదలిక 16 మి.మీ. ఇప్పుడు పిడిని తీసివేసి, పిస్టనునే వ్రేలితో క్రిందికి మీదికి ఆడించి చూడుడు. కడ్డీ, క్రాంకు ఒకే రేఖపైకి వచ్చినప్పుడు ఎంత నొక్కినను చక్రము తిరుగదు. ఇంజనీర్లు ఈ స్థానమును డెడ్ సెంటర్ అందురు. అదే ఇరుసునకు బరువైన చక్రమును తొడిగినచో, అది తన వేగముచేత ఆ స్థానమును దాటించును. నిజమైన ఆవిరి యంత్రములకు అంత పెద్ద చక్రమెందుకో విద్యార్థి వ్రేలికే తెలియును.

ఇరుసులను ఒకదానిపై నొకటి నిలుపువారు ఒక సంగతి గమనింపవలెను. ఇటుక ఎత్తు 8 కాదు, 9.6 మి.మీ. కావున రంధ్రముల ఇటుకలను ఊరక పేర్చినచో పళ్లు కలియవు. రెంటి నడుమ 3.2 మి.మీ. పలకలు రెండు ఉంచిన 9.6, 6.4 కలిసి 16 అగును. పళ్లు సరిగా కలియును.

మరి రెండు జాగ్రత్తలు. ఈ ఇటుకలు ఏ.బి.ఎస్. ప్లాస్టిక్కుతో చేసినవి, మరుగు నీటి వేడికి దగ్గరలోనే మెత్తబడ నారంభించును. నిజమైన ఆవిరిని వీనిలోనికి పంపరాదు. నమూనాను సముద్రపు ఒడ్డున ఆడించినచో పళ్లలో ఇసుక చేరి వానిని అరగదీయును. ఇటుకలు ఖరీదైనవి గనుక తరగతి కంతటికి ఒక పెట్టె చాలును. అదియు లేనిచో కొలతలు తప్పక అట్టతోను, కొయ్యతోను చేసికొనవచ్చును.

ఉపాధ్యాయులు ఈ ప్రశ్న వేయవచ్చును: 40 పళ్ల చక్రమును తీసి 24 పళ్లది పెట్టినచో డ్రమ్ము ఇరుసును ఎన్నవ రంధ్రమునకు మార్చవలెను? తాడు ఎంత వేగముగా వచ్చును? లాగు బలము ఎంత తగ్గును? విద్యార్థులు ముందు కాగితముపై లెక్క కట్టి, తరువాత నమూనాను త్రిప్పి సరిచూచుకొనవలెను.