ఆక్సిమీటర్‌లో 98.. అయినా ఊపిరి ఆగిపోవచ్చు! కట్లపాము కాటు కేసుల్లో నర్సులు ఏం చూడాలంటే..

ఉయ్యూరు చుట్టూ చెరకు తోటలు, వరి పొలాలు. వానలు మొదలయ్యాయంటే చాలు.. ఎలుకల వెంట పాములు, పాముల వెంట కాటు కేసులు. ఇలాంటి ఓ కేసు ఊహించుకోండి. తెల్లవారుజామున 4 గంటలు. నేల మీద చాప వేసుకుని పడుకున్న ఓ కూలీ కడుపునొప్పి అంటూ లేచాడు. కాసేపటికి కనురెప్పలు వాలిపోతున్నాయి. ఒంటి మీద వాపు లేదు, గాటు కూడా సరిగ్గా కనిపించడం లేదు. ఆస్పత్రికి తెచ్చి ఆక్సిజన్ మాస్క్ పెట్టారు. వేలికి ఆక్సిమీటర్ తగిలిస్తే 98. "శాచురేషన్ బాగుంది, పేషెంట్ నిద్రపోతున్నాడు" అని కేస్ షీట్‌లో రాసి పక్క బెడ్ దగ్గరకు వెళ్లారు.

ఆ 98 అబద్ధం కాదు. కానీ అది చెప్పేది సగం సంగతే. ఆ పేషెంట్ నిద్రపోకపోయి ఉండొచ్చు. ఊపిరి పీల్చే కండరాలు ఒక్కొక్కటిగా పడిపోతూ ఉండొచ్చు.

కొవిడ్ టైంలో ఆక్సిమీటర్ గురించి మేమూ టీవీలో తెగ చెప్పాం. 94 కంటే తగ్గితే ఆస్పత్రికి వెళ్లాలని రోజూ స్క్రోలింగ్ వేశాం. ఆ జబ్బుకు ఆ లెక్క సరిపోయింది. అప్పుడు దెబ్బతిన్నది ఊపిరితిత్తులు. కట్లపాము కాటులో ఊపిరితిత్తులు మొదట బాగానే ఉంటాయి. వాటిని ఆడించే కండరాలకే సిగ్నల్ అందదు.

అసలు ఏం జరుగుతుంది?

మెడ దగ్గర వెన్నుపాము నుంచి ఫ్రెనిక్ అనే నరం బయల్దేరి డయాఫ్రమ్‌కు వెళ్తుంది. ఛాతీకి, పొట్టకు మధ్య గొడుగులా ఉండే కండరం ఇది. కట్లపాము విషం నరాల చివర్లను దెబ్బతీస్తుంది. కండరానికి సంకేతం తీసుకెళ్లే రసాయనం అక్కడి నుంచి విడుదల కాదు. నాగుపాము విషం దారి వేరు. అది కండరం వైపున సంకేతం అందుకునే చోట అడ్డుపడుతుంది. అందుకే నాగుపాము కేసుల్లో అట్రోపిన్‌తో కలిపి ఇచ్చే నియోస్టిగ్మిన్ బాగా పనిచేసే అవకాశం ఉంది. కట్లపాము కేసుల్లో దాంతో పెద్దగా ఉపయోగం కనిపించదు. యాంటీ వీనమ్ రక్తంలో తిరుగుతున్న విషాన్ని ఆపగలదు కానీ, అప్పటికే పాడైన నరం చివర్లను బాగుచేయలేదు. అవి తిరిగి పెరగడానికి రోజులు పడుతుంది. ఈలోగా మనిషిని బతికించేది వెంటిలేటర్, దాని పక్కన ఉండే నర్సు.

లెక్క వేసి చూస్తే..

పెద్దవాళ్లు ఒక్కసారి పీల్చే గాలి సుమారు 500 ఎంఎల్. అందులో దాదాపు 150 ఎంఎల్ ముక్కు, గొంతు, శ్వాసనాళాల్లోనే ఉండిపోతుంది. రక్తంతో దానికి పనే లేదు. మిగిలిన 350 ఎంఎల్ మాత్రమే గాలి గదుల్లోకి.. అంటే ఆల్వియోలైలోకి చేరుతుంది. నిమిషానికి 12 సార్లు పీలిస్తే 4.2 లీటర్లు.

ఇప్పుడు కండరాలు బలహీనపడి ఒక్కో శ్వాస 250 ఎంఎల్‌కు పడిపోయిందనుకోండి. పేషెంట్ వేగం పెంచి నిమిషానికి 24 సార్లు పీలుస్తున్నాడు. మొత్తం కలిపితే అప్పుడూ 6 లీటర్లే, ఇప్పుడూ 6 లీటర్లే. కానీ గాలి గదులకు చేరేది? 100 ఎంఎల్ చొప్పున 24 సార్లు, అంటే 2.4 లీటర్లు. దాదాపు సగం తగ్గిపోయింది! అందుకే శ్వాసలు లెక్కపెట్టి వదిలేస్తే చాలదు, ఛాతీ ఎంత లేస్తోందో కూడా చూడాలి.

గాలి గదులకు చేరే గాలి సగమైతే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ దాదాపు రెట్టింపు అవుతుంది. మామూలుగా 40 మిల్లీమీటర్ల దగ్గర ఉండేది 80కి చేరుతుంది. మాస్క్ లేకుండా మామూలు గాలి పీలుస్తుంటే, గాలి గదుల్లో ఆక్సిజన్ పీడనం 100 నుంచి 50కి పడిపోతుంది. ఆక్సిమీటర్ 80ల్లోకి జారి అలారం కొడుతుంది. అదే పేషెంట్‌కు 40 శాతం ఆక్సిజన్ పెడితే? కార్బన్ డయాక్సైడ్ అదే 80 ఉన్నా ఆక్సిజన్ పీడనం 185 దగ్గర ఉంటుంది. స్క్రీన్ మీద మాత్రం 98, 99. (ఈ లెక్క సముద్ర మట్టం దగ్గరిది. మన డెల్టాకు సరిగ్గా సరిపోతుంది.)

ఆక్సిజన్ ఇవ్వొద్దని కాదు, అవసరమైతే ఇవ్వాల్సిందే. కాకపోతే మాస్క్ పెట్టిన నిమిషం నుంచి ఆక్సిమీటర్ మీద నమ్మకం తగ్గించుకోవాలి.

ఈ పొరపాటుకు పెద్ద చరిత్రే ఉంది. 1952లో డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగన్‌ను పోలియో కుదిపేసింది. బ్లెగ్‌డామ్ ఆస్పత్రిలో పేషెంట్ల రక్తంలో కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా కనిపిస్తే, డాక్టర్లు దాన్ని క్షారగుణం పెరగడంగా పొరబడ్డారు. అనస్థీషియా డాక్టర్ బ్యోర్న్ ఇబ్సెన్ మాత్రం వాళ్లకు ఊపిరి చాలడం లేదని తేల్చారు. గొంతులో గొట్టం వేయించి, చేత్తో బ్యాగ్ నొక్కించారు. వెంటిలేటర్లు చాలక సుమారు 1500 మంది వైద్య విద్యార్థులు షిఫ్టుల్లో కూర్చుని నొక్కారు. నేటి ఐసీయూలు పుట్టింది అక్కడి నుంచే. విషం వేరు, వైరస్ వేరు.. ఊపిరి ఆగే తీరు మాత్రం ఒకటే.

బెడ్ దగ్గర ఏం చూడాలి?

కట్లపాము పక్షవాతం సాధారణంగా పైనుంచి కిందకు దిగుతుంది. ముందు కనురెప్పలు, కనుగుడ్లు. తర్వాత మాట ముద్దగా రావడం, మింగలేకపోవడం, మెడ నిలవకపోవడం. ఆ తర్వాత ఊపిరి. అంటే పేషెంట్ దిండు మీద నుంచి తల ఎత్తలేకపోతున్నాడంటే తర్వాతి వంతు డయాఫ్రమ్‌దే.

దీనికి పైసా ఖర్చులేని పరీక్ష ఒకటుంది. గట్టిగా ఊపిరి పీల్చమని, ఆ ఒక్క ఊపిరిలో ఒకటి, రెండు, మూడు అంటూ లెక్కపెట్టమనండి. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు సాధారణంగా 30 దాటిపోతారు. 15 దగ్గరే ఆగిపోతే ప్రమాదం దగ్గర్లో ఉన్నట్టే. ఒక్కసారి చూసి వదిలేయకుండా, మొదటి గంటల్లో 15 నిమిషాలకోసారి అడిగి రాయాలి. ఇంతకుముందు 28, ఇప్పుడు 19 అని రాసి ఉంటే డ్యూటీ డాక్టర్‌కు ఇంకేం చెప్పక్కర్లేదు.

ఛాతీ లేచేటప్పుడు పొట్ట లోపలికి పోతోందా? ఇది డయాఫ్రమ్ అలసిపోయిందనడానికి గుర్తు. నోట్లో చొంగ నిలిచిపోతోందా? మింగలేకపోతే అది ఊపిరితిత్తుల్లోకే వెళ్తుంది. సక్షన్ దగ్గర పెట్టుకుని, పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. చెమటలు, తలనొప్పి, మగత ఉంటే కార్బన్ డయాక్సైడ్ పెరుగుతోందేమో అనుమానించాలి. అయితే ముఖం కండరాలే పడిపోయినప్పుడు ఆయాసం ముఖంలో కనపడదు. మామూలు ఆయాసం పేషెంట్‌లా ఎగశ్వాస, కంగారు ఏమీ ఉండకపోవచ్చు. ప్రశాంతంగా ఉన్నాడు అనిపించేది ఇక్కడే.

మన జిల్లాకు ఇదేం కొత్త కాదు. 2018 ఆగస్టులో దివిసీమలో పాముకాటు కేసులు ఒక్కసారిగా పెరిగి, మోపిదేవి ఆలయంలో ప్రత్యేక పూజలు చేసేదాకా వెళ్లింది. దేశంలో 2000 నుంచి 2019 వరకు ఏటా సగటున 58 వేల మంది పాముకాటుతో చనిపోయారని 2020లో వచ్చిన ఓ అధ్యయనం అంచనా వేసింది. 2030 నాటికి ఈ మరణాలను సగానికి తగ్గించాలని కేంద్రం 2024 మార్చిలో జాతీయ కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది.

ఉయ్యూరు నుంచి విజయవాడ సుమారు 30 కిలోమీటర్లు. వినడానికి దగ్గరే. కానీ కంకిపాడు దాటాక బందరు రోడ్డు ట్రాఫిక్ సంగతి తెలిసిందే కదా! తల ఎత్తలేని పేషెంట్‌ను మాస్క్ పెట్టి, ఆక్సిమీటర్ 99 చూసి అంబులెన్స్ ఎక్కిస్తే దారిలోనే ఊపిరి ఆగొచ్చు. ట్యూబ్ ముందే వేయాలా అన్నది డాక్టర్ నిర్ణయం. అది తీసుకోవడానికి కావాల్సిన అంకెలు నర్సు చేతిలో ఉంటాయి. దారిలో అంబు బ్యాగ్ నొక్కాల్సి వస్తే 5, 6 సెకన్లకు ఒకసారి, ఛాతీ లేచేంత వరకే. గట్టిగా, గబగబా నొక్కితే, ట్యూబ్ లేని పేషెంట్‌కు గాలి పొట్టలోకి పోయి వాంతి అవుతుంది.

వెంటిలేటర్ ఎక్కాక ఇంకో సంగతి. ఒళ్లంతా కదలదు, కళ్లు తెరుచుకోవు, కొందరిలో కనుపాపలు వెలుగుకు కూడా స్పందించవు. చూసేవాళ్లకు బ్రెయిన్ డెడ్ అనిపిస్తుంది. కానీ మెదడుకు ఆక్సిజన్ అందుతున్నంత సేపూ ఆ మనిషికి స్పృహ ఉండొచ్చు, అన్నీ వినిపిస్తుండొచ్చు. బెడ్ పక్కన నిలబడి "ఇక లాభం లేదు" అని బంధువులతో అనకండి. సూది వేసేముందు, సక్షన్ చేసేముందు "బాబాయ్, గొంతు శుభ్రం చేస్తున్నా, కాస్త ఇబ్బందిగా ఉంటుంది" అని చెప్పండి. మూతపడని కళ్లకు డ్రాప్స్ వేసి టేప్ పెట్టండి.

రోజులు గడిచాక ముందు వేళ్లో, కనురెప్పలో కొద్దిగా కదులుతాయి. ట్యూబ్ తీసే ముందు మళ్లీ అదే మెడ పరీక్ష. దిండు మీద నుంచి తల ఎత్తి 5 సెకన్లు నిలపగలిగితే డాక్టర్‌ను పిలవండి.