శ్రవ్యలోకంలో ఒక రోజు

కావ్యాన్ని మన ఆలంకారికులు దృశ్యమనీ, శ్రవ్యమనీ రెండు విధాలుగా విభజించారు. రంగస్థలంపై కంటికి కనిపించేది దృశ్యం. చెవికి మాత్రమే అందేది శ్రవ్యం. ఇరవయ్యో శతాబ్దంలో రేడియో వచ్చి ఈ విభజనను తారుమారు చేసింది. వార్త, చర్చ, పాఠం, చివరకు నాటకం కూడా శ్రవ్యాలే అయ్యాయి. అయితే పాటల ఆకర్షణ లేకుండా, కేవలం మాటనే నమ్ముకొని ఒక జాతీయ రేడియో కేంద్రం రోజంతా శ్రోతను కూర్చోబెట్టగలదా? ఈ ప్రశ్నకు బ్రిటన్‌లోని బి.బి.సి. రేడియో ఫోర్ ఒక సమాధానం.

ఈ కేంద్రం 1967 సెప్టెంబరు 30న, అంతకుముందున్న హోమ్ సర్వీస్ స్థానంలో ప్రారంభమయింది. టెలివిజన్ ప్రసారాలు చూసే కుటుంబాలు ఏటా చెల్లించే లైసెన్సు రుసుమే బి.బి.సి.కి ప్రధానమైన ఆదాయం. వాణిజ్య ప్రకటనలు లేవు కనుక, ఎక్కువమందికి నచ్చేదాన్నే ప్రసారం చేయాలన్న ఒత్తిడి కొంత తక్కువ. కొద్దిమందికే అవసరమైన విషయానికి కూడా ఇక్కడ ఒక వేళ కేటాయించబడి ఉంటుంది.

తెల్లవారుజామున రైతులకోసం చిన్న కార్యక్రమం వస్తుంది. ఆరుగంటలకు ‘టుడే’ మొదలవుతుంది. 1957లో ఆరంభమైన ఈ కార్యక్రమం సోమవారం నుంచి శుక్రవారం వరకు మూడేసి గంటలు సాగుతుంది. దేశంలోని మంత్రులు, ప్రతిపక్ష నాయకులు ఇందులో ప్రశ్నలను ఎదుర్కొంటారు. అడిగినదానికి సమాధానం చెప్పక దాటవేసే నాయకుణ్ణి అదే ప్రశ్నతో మళ్లీ మళ్లీ నిలదీయడం దీని సంప్రదాయం. ఆ వాగ్వాదాల నడుమ రాజకీయం కొన్ని నిమిషాలు ఆగిపోతుంది. క్రైస్తవం, హిందూమతం, ఇస్లాం, సిక్కుమతం వంటి ఏదో ఒక మతానికి చెందిన వక్త ఆనాటి విషయంపై తన ఆలోచనను చెప్పి నిష్క్రమిస్తాడు. మళ్లీ వాదోపవాదాలు మొదలవుతాయి.

ఇక గురువారం తొమ్మిది గంటలకు వినవచ్చే ‘ఇన్ అవర్ టైమ్’ తీరే వేరు. 1998లో మొదలైన ఈ కార్యక్రమాన్ని 2025 వరకు మెల్విన్ బ్రాగ్ నిర్వహించాడు. నిర్వాహకుని ఎదుట ముగ్గురు పండితులు కూర్చొంటారు. ఒక విషయాన్ని తీసుకొని దాదాపు ముప్పావుగంట చర్చిస్తారు. ఒక వారం అశోకుడు, ఇంకొక వారం ఉపనిషత్తులు, మరొక వారం గణితంలో ఒక సిద్ధాంతం. సంగీతం లేదు, హాస్యం కోసం ప్రాకులాట లేదు. సామాన్యునికి అర్థం కాదేమోనన్న భయంతో విషయాన్ని పలచన చేయకపోవడమే దీని విశిష్టత. పండితుడు దారి తప్పితే నిర్వాహకుడు మర్యాదగానే, కానీ నిర్దాక్షిణ్యంగా వెనక్కు పిలిచేవాడు. మన విశ్వవిద్యాలయ సదస్సులలో అటువంటి నిర్వాహకుడు ఉండడం ఎంత అవసరమో అనుభవజ్ఞులకు తెలుసు.

పదిగంటలకు వచ్చే ‘ఉమన్స్ అవర్’ వయస్సు రేడియో ఫోర్ వయస్సుకంటె ఎక్కువ. 1946లో బి.బి.సి.లోని మరొక ప్రసార విభాగంలో పుట్టి, 1973లో ఇక్కడికి చేరింది. స్త్రీలకోసం ఉద్దేశించిన ఈ కార్యక్రమానికి తొలి వ్యాఖ్యాత ఒక పురుషుడు! స్త్రీలకు ఏమి కావాలో అతడే చెప్పడం శ్రోత్రులకు రుచించలేదు. కొద్దికాలానికే ఆ స్థానంలోకి స్త్రీలు వచ్చారు. వంటతోను, కుట్టుపనితోను మొదలైన సంభాషణ క్రమంగా ఆరోగ్యం, ఉద్యోగం, న్యాయం వంటి విషయాలకు విస్తరించింది. ఇంట్లో ఎవరితోనూ చెప్పుకోలేని బాధను గురించి ఒక గొంతు బహిరంగంగా మాట్లాడడం విన్న స్త్రీకి, ఆ బాధ తనొక్కదానిదే కాదని తెలుస్తుంది.

మధ్యాహ్నం వార్తల తరువాత నాటకానికి వేళ. శ్రవ్యనాటకం ఎలా సాధ్యమన్న చిక్కును 1924లోనే రిచర్డ్ హ్యూస్ అనే రచయిత చమత్కారంగా విడదీశాడు. రేడియో కోసమే రాసిన ‘డేంజర్’ అనే నాటకంలో అతడు పాత్రలను ఒక బొగ్గుగని లోపల నిలబెట్టి, దీపాలను ఆర్పివేశాడు. పాత్రలకూ ఏమీ కనిపించదు, శ్రోతకూ ఏమీ కనిపించదు. చీకటిలో నీటి చప్పుడు, గొంతులలోని భయం మాత్రమే మిగిలాయి. చూడలేకపోవడం లోపంగా కాక కథకు ప్రాణంగా మారింది.

సాయంత్రం హాస్యకార్యక్రమాలు ముగిశాక, ఏడుగంటలకు ‘ది ఆర్చర్స్’ వస్తుంది. ఆంబ్రిడ్జ్ అనే కల్పిత గ్రామంలోని రైతు కుటుంబాల కథ ఇది. 1951 జనవరి 1 నుంచి దేశమంతటా ప్రసారమవుతూ వస్తున్నది. రెండవ ప్రపంచయుద్ధం ముగిసినా బ్రిటన్‌లో ఆహారపు రేషన్ 1954 దాకా కొనసాగింది. పంట పెంచడం ఆనాటి అత్యవసరం. కొత్త పద్ధతులను ఉపన్యాసాలుగా చెబితే రైతు వినడు; కథలో కలిపి చెబితే వింటాడు. ఈ ఆలోచనతో వ్యవసాయ మంత్రిత్వశాఖ సలహాలను కూడా తీసుకొని కథను నడిపించారు. 1955 సెప్టెంబరు 22 రాత్రి కథలోని గ్రేస్ ఆర్చర్ అనే యువతి గుర్రపుశాలలో చెలరేగిన మంటల బారినపడి మరణించింది. లేని మనిషి కోసం ఉన్న మనుషులు కన్నీరు పెట్టారు. బ్రిటన్‌లో తొలి వాణిజ్య టెలివిజన్ ప్రారంభమయిన రాత్రి కూడా అదే కావడం గమనార్హం. కొత్తగా వచ్చిన దృశ్యాన్ని శ్రవ్యం ఆ రాత్రికి వెనక్కు నెట్టింది.

మన దేశంలో ప్రసార వ్యవస్థను తీర్చిదిద్దడానికి 1935లో వచ్చిన లయొనెల్ ఫీల్డెన్ బి.బి.సి. నుంచి వచ్చినవాడే. మరుసటి సంవత్సరమే ‘ఆల్ ఇండియా రేడియో’ అన్న పేరు స్థిరపడింది. ‘పాడిపంటలు’ వింటూ పెరిగిన తెలుగు రైతుకు ఆంబ్రిడ్జ్ గ్రామం మరీ అపరిచితంగా తోచదు.

ఇప్పుడు శ్రోత తన సెల్‌ఫోనులో కోరిన కార్యక్రమాన్ని కోరిన వేళ వినగలడు. అది మేలే. కాని అప్పుడతడు తాను కోరుకొన్నదే వింటాడు. రేడియో ముందు ఉన్న గృహిణి వార్తలకోసం వేచి ఉండి ఉపనిషత్తుల చర్చను వింటుంది. నాటకం కోసం ట్యూన్ చేసిన విద్యార్థి గోధుమ ధరను తెలుసుకొంటాడు. తనకు అవసరమని తెలియని విషయం తన చెవిన పడడం ఒక అదృష్టం. దాన్ని ఏ శ్రోతా ముందుగా ఎన్నుకోలేడు.

అర్ధరాత్రి దాటాక, ఒంటిగంటకు 12 నిమిషాల ముందు ఓడలకు ఉద్దేశించిన వాతావరణ సూచన మొదలవుతుంది. బ్రిటన్ చుట్టూ ఉన్న సముద్రాన్ని 31 మండలాలుగా విభజించారు. వైకింగ్, ఫోర్టీస్, డాగర్, ఫిషర్ అంటూ ఒక్కొక్క పేరు చెప్పి గాలి దిశ, వేగం, దృష్టిసీమ తెలుపుతారు. వాక్యాలుండవు, క్రియాపదాలు దాదాపు ఉండవు. సముద్రాన్ని ఎన్నడూ చూడనివారు కూడా నిద్రకు ముందు దీన్ని జోలపాటలా వింటారు. పడవలో ఉన్నవారికి మాత్రం ఇది ప్రాణరక్షణ. తుపాను వార్త కోసం మన తీరంలోని జాలరులు ట్రాన్సిస్టరును దగ్గర ఉంచుకొన్నదీ ఇందుకే. 1859లో ‘రాయల్ చార్టర్’ అనే ఓడ తుపానులో మునిగి 400 మందికి పైగా మరణించారు. ఆ దుర్ఘటన తరువాత తుపాను హెచ్చరికల పద్ధతిని నెలకొల్పినవాడు రాబర్ట్ ఫిట్జ్‌రాయ్. డార్విన్ ప్రయాణించిన బీగిల్ ఓడకు కెప్టెన్ అతడే. సూచనలు తప్పినప్పుడల్లా పత్రికలు అతణ్ణి ఎగతాళి చేశాయి. 2002లో ఆ 31 మండలాలలో ఒకదానికి అతని పేరు పెట్టారు.

సూచన పూర్తయ్యాక జాతీయగీతం వినిపిస్తుంది. ఒంటిగంటకు ఇదే తరంగాలపై బి.బి.సి. ప్రపంచ సేవ మొదలవుతుంది.