ఆన్‌లైన్ దుకాణంలో క్రెడిట్ కార్డు చెల్లింపు

అంతర్జాలంలో సరుకులు అమ్మే దుకాణం కొనుగోలుదారుని క్రెడిట్ కార్డు ద్వారా సొమ్ము రాబట్టుకొనే ప్రక్రియను ఆన్‌లైన్ కార్డు చెల్లింపు అంటారు. ఇందులో కార్డు గాని, దాని యజమాని గాని దుకాణదారుని ఎదుట ఉండరు. అందువలన దుకాణం తెరవక ముందే ఈ ప్రక్రియకు ప్రణాళిక వేసుకోవలసి ఉంటుంది. కార్డు జారీ చేసిన బ్యాంకు, దుకాణపు బ్యాంకు, ఈ రెంటినీ కలిపే వీసా, మాస్టర్‌కార్డ్, రూపే వంటి నెట్‌వర్కులు ఇందులో పాల్గొంటాయి. దుకాణపు వెబ్‌సైటుకు, వీటికి నడుమ పేమెంట్ గేట్‌వే వారధిగా ఉంటుంది.

విధానం

కార్డు సంఖ్యను నమోదు చేయగానే లూన్ సూత్రంతో అంకెలను సరిచూస్తారు. ఐబీఎం సంస్థకు చెందిన హాన్స్ పీటర్ లూన్ దీని పేటెంటుకు 1954లో దరఖాస్తు చేశాడు. ఒక అంకె తప్పుగా కొడితే ఇది పట్టుకొంటుంది గాని, కార్డు దొంగిలించినదో కాదో చెప్పజాలదు.

తరువాతి మెట్టు ఆథరైజేషన్, అనగా బ్యాంకు అనుమతి. అనుమతి లభించినంత మాత్రాన సొమ్ము చేతులు మారదు. కార్డు పరిమితిలో ఆ మొత్తం పక్కన పెట్టబడుతుంది, అంతే. దుకాణం ఆ సొమ్మును కోరడాన్ని క్యాప్చర్ అంటారు. ఈ రెంటినీ ఒకేసారి జరపవచ్చు, విడివిడిగానూ జరపవచ్చు. ఉదాహరణకు ఒకరు 1,200 రూపాయల పుస్తకాలు కోరగా, వాటిలో 300 రూపాయల పుస్తకం గిడ్డంగిలో లేదనుకుందాం. రెంటినీ విడదీసిన దుకాణం, గేట్‌వే అందుకు వీలు కల్పిస్తే, 900 రూపాయలు మాత్రమే కోరుతుంది. ముందే మొత్తం తీసుకొన్న దుకాణం 300 రూపాయలు తిరిగి పంపాలి. అది చేరే వరకు కొనుగోలుదారు ఎదురుచూడాలి. అయితే అనుమతికి గడువు ఉంటుంది. అది దాటితే మళ్ళీ అనుమతి కోరక తప్పదు.

మధ్యలో సంబంధం తెగినప్పుడు

బ్యాంకు అనుమతించిన తరువాత, దుకాణపు పేజీ తెరుచుకొనే లోపల నెట్ సంబంధం తెగిపోవచ్చు. కొనుగోలుదారు కంగారుపడి మళ్ళీ చెల్లిస్తే సొమ్ము రెండుసార్లు పోతుంది. కనుక ఒక్కొక్క ఆర్డరుకు ఒకే సంఖ్య ఇచ్చి, ఆ సంఖ్యపై రెండవ చెల్లింపును తిరస్కరించాలి. బ్రౌజరు మోసుకొచ్చే “చెల్లింపు విజయవంతం” అన్న సందేశాన్ని నమ్మి సరుకు పంపరాదు. దానిని మార్చడం మోసగాళ్ళకు కష్టం కాదు. దుకాణపు సర్వరు నేరుగా గేట్‌వేను అడిగి నిర్ధారించుకోవాలి. సొమ్ము పోయి, దుకాణానికి నిర్ధారణ అందకపోతే 5 రోజులలో తిరిగి జమ చేయాలని, ఆలస్యమైతే రోజుకు 100 రూపాయలు పరిహారంగా ఇవ్వాలని భారతీయ రిజర్వు బ్యాంకు 2019లో ఆదేశించింది.

భద్రత

కార్డు సమాచారాన్ని కాపాడవలసిన తీరును పీసీఐ డీఎస్‌ఎస్ ప్రమాణాలు నిర్దేశిస్తాయి. ఇవి 2004లో వెలువడ్డాయి. వీటి ప్రకారం అనుమతి పొందిన తరువాత సీవీవీ సంఖ్యను దుకాణం దాచుకోరాదు. చిన్న దుకాణాలకు మేలైన మార్గం కార్డు సంఖ్యను అసలు తాకకుండా, దానిని గేట్‌వే పేజీలోనే నమోదు చేయించడం.

భారతదేశంలో జారీ అయిన కార్డులకు 2009 ఆగస్టు 1 నుండి అదనపు ధ్రువీకరణ తప్పనిసరి అయింది. ఓటీపీ ఈ విధంగానే వాడుకలోకి వచ్చింది. 2022 అక్టోబరు 1 నుండి దుకాణాలు పూర్తి కార్డు సంఖ్యలను నిల్వ చేయరాదు. వాటి స్థానంలో టోకెన్ వాడాలి.

విదేశాలలో జారీ అయిన కార్డులకు ఈ ధ్రువీకరణ నిబంధన వర్తించదు. అమెరికాలోని తెలుగువారు ఆవకాయ, పూతరేకులు తెప్పించుకొనే దుకాణాలు దీనిని గమనించాలి. ఓటీపీ లేకుండా జరిగిన కొనుగోలును కార్డుదారు తనది కాదంటే, బ్యాంకు సొమ్మును వెనక్కు తీసుకొంటుంది. దీనిని చార్జ్‌బ్యాక్ అంటారు. అప్పుడు సరుకు, సొమ్ము రెండూ నష్టపోయేది సాధారణంగా దుకాణదారే. తన వాదన వినిపించడానికి అతనికి కొంత గడువు ఇస్తారు గనుక, ఆర్డరు వివరాలను, సరుకు అందినట్లు తీసుకొన్న సంతకాన్ని భద్రపరచుకోవాలి.