బంతి పురుగును తరమదు, పిలుస్తుంది

టమాటా మడి చుట్టూ నాలుగు బంతి మొక్కలు పెడితే ఆ వాసనకు పురుగు రాదని చాలామంది నమ్మకం. జరిగేది దాదాపు దానికి తలకిందులు. టమాటా కాయను తొలిచే శనగపచ్చ పురుగుంది కదా, దాని తల్లి రెక్కల పురుగుకు గుడ్లు పెట్టడానికి టమాటా కన్నా బంతి మొగ్గలూ పూలే ఇష్టం. అందుకే వ్యవసాయ శాస్త్రవేత్తలు బంతిని ఎర పంట అంటారు. 16 వరుసల టమాటాకు ఒక వరుస బంతి చొప్పున, 40 రోజుల బంతి నారును 25 రోజుల టమాటా నారుతో కలిపి నాటమని వారి సిఫారసు. కిటుకంతా ఆ 15 రోజుల తేడాలోనే ఉంది: టమాటా పూతకొచ్చే నాటికి బంతి విరగబూసి ఉండాలి. రెండు నార్లూ ఒకే రోజు పోసి, బంతి పని చేయలేదనడం బంతికి అన్యాయం. ఎరకు తగిలిన పురుగును ఏరి చంపకపోయినా అంతే, మన చేత్తో మనమే పురుగును పెంచినట్టు. కాబట్టి ఏ మొక్క పక్కన ఏ మొక్క అన్న జాబితా కంటే, ఏ పురుగు కోసం, ఎప్పుడు అన్న లెక్క ముఖ్యం.

పది కుండీల మిద్దెతోటలో ఈ వరుసలూ లెక్కలూ ఎక్కడ కుదురుతాయని అడగవచ్చు. నిజమే, కొలతలు కుదరవు. వేళ మాత్రం కుదురుతుంది. పైగా చిన్న తోటకు పొలానికి లేని వసతి ఒకటుంది: ప్రతి ఆకునూ తిప్పి చూడొచ్చు. అలసందల లేత కొసలకు పేనుబంక పట్టగానే మందు కొట్టేస్తే, దాన్ని తినే అక్షింతల పురుగులు కూడా పోతాయి. మిత్రపురుగులు రావడం కాస్త ఆలస్యమే. తిండి కనబడితేగానీ అవి రావు. ఈలోగా నీళ్లు గట్టిగా చిమ్మితే పేనుబంక చాలావరకు రాలిపోతుంది. అక్షింతల పురుగు పిల్ల మాత్రం తల్లిలా గుండ్రంగా ఉండదు. నల్లగా, పొడుగ్గా, బుల్లి మొసలిలా ఉంటుంది. పాపం, చీడ అనుకుని నలిపేసేది ఎక్కువగా దీన్నే. వంగ ఆకును జల్లెడలా గీకి తినే అక్షింతల పురుగు వేరే ఉంది. దాని వీపు మెరవదు, సన్నని నూగుతో మసకగా ఉంటుంది, సాధారణంగా 28 చుక్కలుంటాయి. పసుపు రంగు ముళ్ల పిల్లలు దానివే. వాటిని మాత్రం మొహమాటం లేకుండా ఏరేయాలి.

సహజమైనదైతే ప్రమాదం లేదన్న మాట కూడా ఒప్పుకోదగ్గది కాదు. పొగాకు కషాయంలోని నికోటిన్ మనుషులకూ విషమే, మిత్రపురుగులకూ విషమే; ఇంటి కూరగాయల మీద దాని అవసరం లేదు. లీటరు నీటికి 50 గ్రాముల వేప గింజల పొడి నానబెట్టి వడగట్టిన కషాయం మేలు. దాన్నీ సాయంత్రమే కొట్టాలి, ఎండకు దాని సత్తువ త్వరగా పోతుంది. ఇక కలిపి నాటడం ఒక్కటే చాలని చెప్పడం మోసమే అవుతుంది. బెండకు తెల్లదోమ వల్ల పల్లాకు తెగులు సోకితే పక్కన ఏ మొక్క ఉన్నా నయం కాదు, ఆ మొక్కను పీకేయాల్సిందే. వంగలో లేత కొమ్మ కొస వాడి వేలాడుతుంటే లోపల పురుగు ఉన్నట్టే. తొలిచిన రంధ్రం కిందికి కత్తిరించి, ఆ ముక్కను తోటలో పడేయకుండా పురుగుతో సహా నాశనం చేయండి.