తల చూసి పామును గుర్తించగలమా?

"విషసర్పం తల త్రికోణాకారంలో ఉంటుంది" అనే మాట మీరు వినే ఉంటారు. దీన్ని నమ్మవచ్చునా?

1957 సెప్టెంబరులో అమెరికాలోని చికాగోలో, కార్ల్ ష్మిట్ అనే ప్రసిద్ధ సర్పశాస్త్రజ్ఞుని వద్దకు ఒక పిల్లపాము వచ్చింది. దాని జాతి ఏదో ఆయన తేల్చాలి. పరిశీలిస్తుండగా అది ఆయన బొటనవేలిని కరచింది. ప్రమాదం లేదనుకొని వైద్యం కోరలేదు. శరీరంలో కలిగిన మార్పులను మాత్రం రాసుకున్నాడు. మరునాడే మరణించాడు. అది ఆఫ్రికా చెట్లపై తిరిగే బూమ్‌స్లాంగ్. దాని తల త్రికోణం కాదు!

మన పాముల సంగతీ ఇంతే. రక్తపింజరి తల త్రికోణమే. వీపుపై గొలుసుల్లాంటి మూడు వరుసల మచ్చలుంటాయి. కాని నాగుపాము, కట్లపాముల తలలు అలా ఉండవు. పడగ విప్పని నాగును జెర్రిపోతనుకొని మోసపోవచ్చు. కట్లపాము నల్లగా నిగనిగలాడుతుంది. సన్నని తెల్లని కట్లు మెడవద్ద తరచు కనిపించవు. విషంలేని వుల్ఫ్ స్నేక్‌కు అవి మెడనుంచే మొదలవుతాయి. అయితే ఈ తేడాలు చూడటానికి దగ్గరకు వెళ్ళకండి!

కట్లపాము రాత్రిపూట, నేలపై నిద్రించేవారిని కరుస్తుంది. నొప్పి, వాపు అంతగా ఉండవు. అందువల్ల మంచంపై, దోమతెర కట్టుకొని పడుకోండి. చీకట్లో టార్చిలైటు వాడండి.

కాటు పడితే కోయకండి, గట్టిగా కట్టకండి. ఆ అవయవాన్ని కదల్చకుండా వెంటనే ఆసుపత్రికి చేర్చండి. పామును పట్టి తేనక్కరలేదు. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి – ఈ నాలుగింటి విషానికీ మన దేశంలో ఇచ్చే విరుగుడు మందు ఒక్కటే.